మూత తీసిన రీలు

ఆ శుక్రవారం ఉదయం అరకులో ఆ స్టూడియో ముందు గదిలో ఉన్నవి ఇవి. మనుషులు ముగ్గురు: స్టూడియో ఆయన, ఆయన భార్య, నేను. పనిచేస్తున్న యంత్రాలు రెండు: జిరాక్సు మిషను, లామినేషన్ మిషను. పనిచేయనివి: లెన్సు లేని కెమెరా ఒకటి, టూరిస్టులు వదిలేసి వెళ్లిన ప్లాస్టిక్ కెమెరాలు రెండు, తీగ తెగిన ఫ్లాషు, గొడుగు లైటు. గోడకు జలపాతం బొమ్మ వేసిన తెర. మడత పడ్డచోట నీళ్లకు రంగు పోయింది. బల్ల కింద చోళ్లు, అంటే రాగులు, పోసిన డబ్బా, మూత బిగించి ఉంది. నేను కొనడానికి వచ్చిన కెమెరా ఆ డబ్బాలో ఉంది.

"చోళ్లలో ఎందుకు పెట్టారు బాబాయ్?" అని అడిగాను.

"మరెక్కడెడతాను? ఈ ఊరి మంచుకి బీరువాలో బట్టలే బూజెడతాయి. లెన్సు ఒక లెక్కా?" అన్నారాయన.

ఆయన భార్య జిరాక్సు మిషను దగ్గర నుంచి తలెత్తకుండానే అంది: "మనుసులకి అంబలి లేకపోయినా పర్లేదు బాబూ. దానికి మాత్రం ఏటేటా కొత్త సోళ్లు పొయ్యాల."

ఆయన డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెమెరాను పైకి తీశారు. పాత గుడ్డలో చుట్టి ఉంది. గుడ్డ విప్పితే గింజలు బల్ల మీద రాలాయి. ముప్పై అయిదు మిల్లీమీటర్ల రీలు వేసే జపాను కెమెరా. బరువైనది, చేత్తో తిప్పి ఫోకస్ చేసేది. మూలల్లో నల్ల రంగు అరిగి ఇత్తడి కనిపిస్తోంది.

పాత కెమెరా కొనేటప్పుడు నేను చూసేవాటికి ఒక వరస ఉంది. ముందు లెన్సును కిటికీకి ఎదురుగా పట్టుకుని లోపలికి చూస్తాను. కొండ ప్రాంతంలో దొరికే లెన్సులన్నిటికీ ఒకటే జబ్బు: గాజు మీద సాలెగూడు దారాల్లా ఫంగస్ అల్లుకుంటుంది. ఈ లెన్సులో ఒక అంచున రెండు మూడు పోగులు మాత్రమే ఉన్నాయి. చోళ్లు తేమను బాగానే పీల్చాయన్నమాట. తర్వాత షట్టరు. దానికి నేనే తయారుచేసుకున్న చిన్న పరికరం ఉంది. షట్టరు తెరుచుకుని మూసుకునే లోపల వెలుగు ఎంతసేపు పడిందో కొలుస్తుంది. వేగం ఎక్కువగా ఉన్న చివరి రెండు అంకెలు కొంచెం నెమ్మదించాయి, మిగతావి బాగానే ఉన్నాయి. లైట్ మీటరు చచ్చిపోయింది. అద్దం తగిలే చోట స్పాంజి కరిగి జిగురైంది. రీలు వెనక్కి చుట్టే గుండీ సందులో ఒక చోడి గింజ ఇరుక్కుని ఉంది. సూదితో తీశాను.

నేను చదివింది ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా. విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీలో మీటర్లు సరిచూసే పని. సెలవు దొరికినప్పుడల్లా పాత ఫిల్మ్ కెమెరాల కోసం తిరుగుతాను. డిజిటల్ వచ్చాక ఇవి అటకల మీదికి వెళ్లాయి, ఫోన్లు వచ్చాక అటకల మీదే ఉన్నాయని కూడా జనం మరిచిపోయారు. బాగుచేసి వాడతాను. అయితే నాకు అసలు ఆసక్తి వేరే. ఏ కెమెరా అయినా ఒక రోజు చివరిసారిగా వాడబడి ఉంటుంది. ఆ రోజు ఎందుకు ఆగిందన్నది అడిగి తెలుసుకుంటాను. సీలేరు కాలనీలో రిటైరైన ఇంజనీరు గారు రీళ్లు కడిగే ల్యాబు మూసేశారని ఆపేశారు. పాచిపెంటలో ఒక టీచరమ్మ కెమెరా కూతురి పెళ్లితో ఆగింది. ఆ పెళ్లికి వచ్చిన ఫోటోగ్రాఫరు చేతిలో డిజిటల్ చూసి ఈవిడకు తనది బయటికి తీయబుద్ధి కాలేదట. పెదబయలులో దొరికినదానికి బ్యాటరీ మూత గెడ్డ దాటుతుంటే నీళ్లలో పడిపోయింది, అంతే.

ఈయన్ని కూడా అడిగాను.

"నేనెక్కడాపాను? ఒక వారం రీళ్లకి మనిసిని పంపితే లేవన్నారు. వొచ్చీవారం వొత్తాయన్నారు. ఆ వొచ్చీవారం ఇంకా రాలేదు," అన్నారు.

నేను నవ్వి, కొంటానన్నాను. ఆయన కెమెరా నా చేతిలోంచి వెనక్కి తీసుకున్నారు.

"ఊరికే టిక్కుటిక్కుమనిపించి కొనెత్తావేటి? రీలు ఏసి చూడు. కడుగు. బొమ్మ వొస్తే అప్పుడు కొను. మా పోటోలోళ్లలో ఎవుడూ రీలు ఏసి చూడకుండా కొన్నోడు లేడు. తెచ్చావా రీలు?"

ఒకటి తెచ్చాను. నలుపు తెలుపు, ముప్పై ఆరు ఫ్రేములది.

"బయట సంత ఉంది. మనుసులకి కొదవ లేదు. పో," అన్నారు.

శుక్రవారం అరకు సంత. రైల్వే గేటు దాటిన దగ్గర నుంచి రోడ్డుకు రెండు వైపులా టార్పాలిన్లు కట్టేశారు. నేను ప్రతి ఫ్రేముకూ నంబరు, షట్టరు వేగం, లెన్సు తెరిచిన అంకె ఫోన్లో రాసుకుంటూ తీశాను. తర్వాత నెగటివ్‌లో ఏ వేగం దగ్గర తేడా వస్తోందో తెలియాలంటే ఈ వివరాలు ఉండాలి. అందుకని నేను మనుషుల కంటే ఎక్కువగా వస్తువులు తీశాను: రాజ్మా కుప్పలు, ఎండు చేపలు, అల్యూమినియం గిన్నెల దొంతర. గిన్నెలు మంచి పరీక్ష, మెరుపు ఎక్కువ.

పద్దెనిమిది ఫ్రేములయ్యాక, ముక్కుకు పుల్లలు పెట్టుకుని అల్లం అమ్ముతున్న ఒక మామ్మ నన్ను పిలిచింది. ఆమె పక్కన, వయసులో కొంచెం చిన్నదైన మరో ఆమె కూర్చుని చుట్ట కాలుస్తోంది. పిలిచింది నన్ను కాదు, కెమెరానే అనాలి.

"ఆ స్టూడియో బాబుది కాదేటి అది?"

అవునన్నాను. ఎలా గుర్తుపట్టావంటే, పట్టీ చూసి అంది. పట్టీకి తెగిన చోట ఎర్ర దారంతో కుట్టు ఉంది. నేను పొద్దుటి నుంచి ఆ కెమెరాను తిప్పి తిప్పి చూశాను కాని ఆ కుట్టు రంగు పట్టించుకోలేదు.

"ఇది మా సెల్లి. మా ఇద్దర్నీ ఒక పోటో తియ్యి బాబూ. కాయితం పోటో."

చెల్లెలిని సరిహద్దు అవతల, ఒడిశా వైపు ఊరికి ఇచ్చారు. పెళ్లయిన దగ్గర నుంచి అక్కాచెల్లెళ్లు కలిసేది ఈ సంతలోనే. ఆమె చింతపండో, పసుపో పట్టుకుని జీపులో వస్తుంది, అమ్ముకుని మధ్యాహ్నం జీపులో పోతుంది. ఇప్పుడు మోకాళ్లు పట్టేశాయి. జీపు దిగిన చోటి నుంచి ఇక్కడికి నడవడానికే రెండుసార్లు కూర్చుందట. ఇకమీదట సంతకు కోడల్ని పంపుతానని ఆ పొద్దునే చెప్పింది. ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో ఒక్కటీ లేదు.

ఇదంతా నాకు సగం మామ్మ చెప్పింది, సగం పక్క టార్పాలిన్ కింద గాజులు అమ్మే ఆమె చెప్పింది. గాజులామె శృంగవరపుకోట వైపు మనిషి. ఎవరు ఏం మాట్లాడుతున్నా అందులో ఆమెకు వాటా ఉంటుంది.

నేను ఫోను బయటికి తీశాను. "దీంతో తీస్తాను మామ్మా. ఇది బాగా వస్తుంది. కాగితం మీద వేయించి తెస్తాను."

మామ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "పోనయితే నాకొద్దు."

"ఎందుకు?"

గాజులామె అందుకుంది. "ఎందుకేటి? ఈ యప్పని తీసినన్ని పోటోలు సినిమాల గుంటల్ని కూడా తీసుండరు. ముక్కు పుల్లలు కనబడితే సాలు, దిగిపోతారు కార్లోంచి. అప్పా, ఇటు సూడు, అప్పా, నవ్వు. తీసుకుంటారు, పోతారు. ఒక్కడు తెచ్చి ఇచ్చినాడేటి?"

"పోనుతో తీసీవోళ్లు మళ్లీ రారు," అంది మామ్మ. "ఇది ఉన్న బాబు ఈ సంతకి తీసి ఆ సంతకి తెచ్చీవోడు. ఇక్కడే, ఈ రాయి కాడే ఇచ్చీవోడు. దీంతో తీసినోడు మళ్లీ వొత్తాడు."

పట్నంలో మాలాంటి వాళ్లం కలిస్తే ఫిల్ముకూ డిజిటల్‌కూ తేడా గురించి గంటల తరబడి వాదించుకుంటాం: గ్రెయిను, నీడల్లో వివరం, రంగు. ఈ తేడా ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఆమెకు రెండు రకాల కెమెరాలంటే తిరిగి వచ్చేది, రానిది.

పందొమ్మిదో ఫ్రేము. ఇద్దర్నీ టార్పాలిన్ నీడ అంచుకు జరిపాను. చెల్లెలు చుట్టను వీపు వెనక్కి దాచుకుంది. అక్క వాళ్ల భాషలో ఏదో అంది, చెల్లెలు గట్టిగా నవ్వి ఆమె తొడ మీద కొట్టింది. నేను నొక్కింది సరిగ్గా అప్పుడో, అర క్షణం తర్వాతో నాకు తెలియదు. ఫిల్మ్ కెమెరాతో అదొకటి, నొక్కిన క్షణంలో అద్దం పైకి లేచి కంటికి చీకటవుతుంది. ఇంకొకటి తీద్దామని చుట్టే లోపల రోడ్డు మీద జీపు హారను కొట్టింది. చెల్లెలు లేచింది. అక్క ఆమె సంచి మోసుకుంటూ జీపు దాకా వెళ్లి ఎక్కించి వచ్చింది.

నాకు పరీక్షించాల్సిన వేగాలు ఇంకా మిగిలాయి. గాజుల మీద, జనం మీద ఎనిమిది ఫ్రేములు తీశాను. ఇరవై ఏడో ఫ్రేము తర్వాత వివరాలు రాసుకుందామని కెమెరాను గాజులామె చాప అంచున పెట్టి ఫోను తీశాను.

"ఏదీ, యప్ప పోటో ఎలాగొచ్చిందో సూద్దాం," అంటూ ఆమె కెమెరా ఎత్తింది.

"ఇందులో కనబడదమ్మా. కడగాలి," అన్నాను, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

"కనబడదా? ఎనకాల కనబడతాదిలే. పెళ్లిలో తీసినోడు మాకు ఎనకాలే సూపించీసినాడు." కెమెరా తిప్పింది. వెనక నల్లటి మూత. "ఓసి, తెర మీద మూతెట్టీసినారు."

రీలు వెనక్కి చుట్టే గుండీని పైకి లాగితే వెనక మూత ఊడి వస్తుంది. చెయ్యి తగిలితే తెరుచుకోకూడదనే దాన్ని అలా లాగేలా పెట్టారు. గాజులు సైజు చూసి ఎక్కించే వేళ్లు ఆమెవి. ఎక్కడ లాగాలో వాటికి వెంటనే తెలిసిపోయింది. టప్‌మని శబ్దం విని నేను చూసేసరికి మూత పూర్తిగా తెరిచి ఉంది. నీలం టార్పాలిన్ కింద రీలు బూడిద రంగులో మెరుస్తోంది.

దాదాపు ఆమె చేతుల మీదే మూత మూసేశాను.

"ఏటి? ఏటైంది?"

చెప్పాను. రీలు కడగక ముందు వెలుగు తగిలితే బొమ్మ చెరిగిపోతుందని. గాజులామె రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఓలమ్మో! నానేటి సేసినాను! పోటో లోపల ఉందనే తీసినాను గాని, తీత్తే పోద్దని నాకేటి తెల్సు! తలుపు తీత్తే పారిపోయీదాన్ని ఎవులైనా పోటో అంటారేటి?"

అల్లం మామ్మకు ఇవేవీ అక్కర్లేదు. "మా పోటో ఉన్నాదా, పోయిందా?"

"తెలీదు మామ్మా."

"ఎప్పుడు తెలుత్తాది?"

"కడిగాక."

ఆమె జీపు వెళ్లిన రోడ్డు వైపు చూసి, కొనడానికి వచ్చిన ఒకాయనకు అల్లం తూచడం మొదలుపెట్టింది. వేళ్లలోంచి ఒక కొమ్ము జారి కింద పడింది. తీసి మళ్లీ తక్కెట్లో వేసింది.

స్టూడియోకి వెళ్లి చెబితే ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. "పోయింది. మరి చూడక్కర్లేదు. ఒకసారి పెళ్లిలో మా బామ్మర్ది ఇలాగే మూత తీసేశాడు. ఏటి సేస్తాను? భోజనాలయ్యాక పెళ్లికొడుకుని మళ్లీ పీటల మీద కూర్చోబెట్టి తాళి ఇంకోసారి కట్టించాను. వాళ్ల ఆల్బం చూడు, పెళ్లికొడుకు మూతికి పెరుగు."

"అది ఎంతసేపు తెరిచి ఉంది?"

"నాకేటి తెల్సు? నేను వాడిని కొట్టడంలో ఉన్నాను."

రీలు చుట్టి తీసుకుని, కెమెరా ఆయన దగ్గరే ఉంచి, రైల్లో విశాఖపట్నానికి దిగి వస్తూ సొరంగాల మధ్య వెలుగు వచ్చినప్పుడల్లా కాగితం మీద లెక్క వేశాను. తీసిన ఫ్రేములు ఒక ఇరుసు మీద ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటాయి. ఇరుసు చుట్టుకొలతకు ఒక ఫ్రేమూ మరికొంతా పడుతుంది. అంటే పందొమ్మిదో ఫ్రేము పైన దాని తర్వాతి ఎనిమిది ఫ్రేములూ కలిసి సుమారు అయిదు పొరలుగా కప్పుకుని ఉండాలి. కడగని ఫిల్ము ఒక్కో పొర చాలా వెలుగును ఆపుతుంది. కాని అంచుల్లో వరసగా చిల్లులుంటాయి, రీలును పళ్లు పట్టి లాగడానికి. ఆ చిల్లుల్లోంచి వెలుగు కింది పొరలోకి, అక్కడి చిల్లు కలిస్తే ఇంకా కిందికి దిగుతుంది. ఎక్కడ కలుస్తుందో లెక్కకు అందదు. పక్క సీట్లో చంటిబిడ్డ తల్లి నేను గీసిన చుట్ల బొమ్మ చూసి, దోమల చుట్టా అని అడిగింది.

నా గదిలో బాత్‌రూమే డార్క్‌రూము. గుడ్డ సంచిలో చేతులు పెట్టి చీకట్లో రీలును ట్యాంకులో ఎక్కించి, మందు పోసి, కడిగి, తీసి వేలాడదీశాను. తడి రీలును బల్బుకు ఎదురుగా కింది నుంచి పైకి చూశాను.

చివరి ఫ్రేములు బొగ్గులా నలుపు. నెగటివ్‌లో నలుపంటే వెలుగు తినేసిందని. వాటి పైన కొన్ని సగం సగం, గాజుల వలయాలు పొగలోంచి తేలుతున్నట్టు ఉన్నాయి. నంబర్లు చూసుకుంటూ పైకి వెళ్లాను. పందొమ్మిదిలో ఇద్దరున్నారు.

ఇద్దరూ పూర్తిగా ఉన్నారు. చెల్లెలి చెయ్యి ఇంకా అక్క తొడ మీదే ఉంది, నోరు తెరిచి ఉంది. అక్క కెమెరా వైపు కాకుండా చెల్లెలి వైపు చూస్తోంది. కింది అంచున, వాళ్ల ఒడుల మీదుగా, పై పొరల చిల్లుల్లోంచి దిగిన వెలుగు చదరపు మచ్చలుగా వరసగా అచ్చుపడింది. ఒక చివర ముదురుగా, పోనుపోను పలచగా. అయిదు పొరలు దిగి వచ్చిన వెలుగును నేను అంతకు ముందు చూడలేదు. చాలాసేపు భూతద్దం పెట్టి చూశాను. మచ్చల మధ్య దూరాన్ని బట్టి ఇరుసు చుట్టుకొలత మళ్లీ లెక్కగట్టవచ్చని తోచింది. గట్టాను. రైల్లో వేసిన లెక్క కొంచెం తప్పు.

నెగటివ్ నుంచి నేరుగా కాగితం మీద బొమ్మ వేసే ఎన్‌లార్జరు నా దగ్గర లేదు. నెగటివ్‌ను డిజిటల్ కెమెరాతో ఫోటో తీసి, కంప్యూటర్లో తిరగేసి, బజారులో రెండు ప్రింట్లు వేయించాను. మచ్చలు చెరిపేయనా అని ప్రింటు వేసే అతను అడిగాడు. వద్దన్నాను. ఆ కాగితం ఫోటో బయటికి వచ్చింది చివరికి డిజిటల్ మిషనులోంచే. ఈ సంగతి మామ్మకు చెప్పాలా వద్దా అని ఆలోచించాను, చెప్పదగ్గ కారణం కనబడలేదు.

తర్వాతి శుక్రవారం ముందు స్టూడియోకు వెళ్లాను. ఆయన ప్రింటు చూడలేదు, నెగటివ్ అడిగారు. కిటికీ దగ్గర అంచులు పట్టుకుని చూసి, "ఇది ఆ చెల్లెలు కదూ. ఈ గుంటకి పెళ్లికి ముందు నేను తీశాను, ఒక్కదాన్నే. అప్పుడూ ఇలాగే నోరు తెరిచింది," అన్నారు. తర్వాత, "షట్టరు బాగానే ఉంది. కొనుక్కో," అన్నారు. కొన్నాను. ఆయన భార్య కెమెరాతో పాటు ఒక సంచి నిండా చోళ్లు కూడా కట్టి ఇచ్చింది.

మామ్మ ఆ రాయి దగ్గరే ఉంది. నన్ను చూడగానే గాజులామె కేక వేసింది. "అప్పా! వొచ్చీసినాడు! ఉన్నాదా బాబూ? బేగి సెప్పు, ఈ యప్ప వారం దినాలుగా నాతో మాటాడ్డం మానీసింది!"

రెండు ప్రింట్లూ మామ్మ చేతికిచ్చాను. ఆమె ఒకదాన్ని దగ్గరగా, తర్వాత దూరంగా పెట్టి చూసింది. తన మొహం మీద వేలు పెట్టలేదు, చెల్లెలి పళ్ల మీద పెట్టింది.

"ఇదేటి, ఈ తెల్ల సుక్కలు?"

"ఆ రోజు మూత తీశారు కదా, ఆ వెలుగు."

"సూసినావా," అంది గాజులామె, "నాను తీసినందుకే అంత ఎలుగొచ్చింది. నేకపోతే నల్లగుండీవోలు ఇద్దరూ."

"నీ మొగం నల్లన," అంది మామ్మ. వారం తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అదే కాబోలు, గాజులామె మురిసిపోయింది.

రెండోది చెల్లెలికి పంపమని, వాళ్ల కోడలు ఇవాళ సంతకు వచ్చి ఉంటుంది కదా అని నేను అన్నాను. వచ్చింది, ఉప్పు కొంటోంది అంది మామ్మ. మరి ఇవ్వు అన్నాను. మామ్మ ప్రింట్లు రెండూ కొంగులో చుట్టి నడుముకు దోపింది.

"దానికిత్తే మడతెట్టీత్తాది. నానే అట్టుకెల్తాను."

"ఎప్పుడు?"

"జీపు వొచ్చింది కదేటి."

మిగిలిన అల్లం గంపను గాజులామె చాప మీదికి ఒక్క తోపు తోసింది. "ఓలప్పా, నానెక్కడమ్మగల్ను అల్లం? నాకు తూకాలు రావు!" అని ఆమె అరుస్తూనే ఉంది. "మూతలు తియ్యడం వొచ్చును గదా, తూకాలూ వొత్తాయి," అని మామ్మ రోడ్డు దాటింది. చెల్లెలి కోడలు ఉప్పు మూటతో పరిగెత్తి వచ్చి జీపు వెనక కమ్మీ మీద నిలబడింది. మామ్మకు డ్రైవరు పక్కన సగం చోటు దొరికింది. నడుము దగ్గర ఒక చెయ్యి అదిమి పెట్టుకుని, రెండో చేత్తో తలుపు పట్టుకుంది. తలుపు మూసుకోకపోతే డ్రైవరు దిగి వచ్చి బయట నుంచి తోశాడు.

జీపు కదిలేటప్పుడు లెక్కపెట్టాను. ఆమెతో కలిపి పదహారు మంది.